చేత్తో కట్టే ఫజ్ పెట్టె: ఒక లోపం సర్క్యూట్‌గా మారిన తీరు

1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో, బ్రాడ్లీ స్టూడియోలో గాయకుడు మార్టీ రాబిన్స్ పాట రికార్డవుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానెల్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింది. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బాస్ ఆ చానెల్ గుండానే వెళ్తోంది. సోలో మొత్తం బొంగురుపోయి, గరగరలాడుతూ టేపు మీదికి ఎక్కింది. దాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచి, మరుసటి ఏడాది పాట విడుదల చేశారు. ఆ శబ్దం మాకూ కావాలని ఇతరులు అడగడం మొదలయ్యేసరికి ఆ చానెల్ పూర్తిగా పోయింది. దాంతో ఇంజినీర్ గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్‌తో కలిసి అదే గరగరను (దీన్నే ఫజ్ అంటారు) ట్రాన్సిస్టర్లతో పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని తీసుకుని 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ ఎఫ్‌జెడ్-1 పేరుతో అమ్మకానికి పెట్టింది. అందులో ఉన్నవి మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, 3 వోల్టుల సరఫరా.

ఇలాంటి శబ్దం అంతకుముందు లేదని కాదు. స్పీకర్ కాగితానికి కన్నాలు పొడిచి గిటారిస్ట్ లింక్ రే 1958లోనే అలాంటిది రాబట్టాడు. చిన్న వాల్వ్ యాంప్‌ను చివరిదాకా తిప్పినా అదే వస్తుంది. కానీ చిరిగిన స్పీకర్ రేపు ఇంకాస్త చిరుగుతుంది, యాంప్ తీరు ఒక్కో హాలులో ఒక్కోలా ఉంటుంది. ఆ లోపాన్ని కాలికింద మీట నొక్కగానే, ప్రతిసారీ ఒకే మోతాదులో రప్పించడమే స్నాడీ, హాబ్స్‌లు సాధించింది. తర్వాత వచ్చిన పెడల్ (కాలితో నొక్కే ఇలాంటి పెట్టె) తయారీ అంతా ఈ ఒక్క పని చుట్టూనే తిరిగింది. చేత్తో కట్టిన పెడల్‌కు ఈనాటికీ విలువ ఉందంటే టంకం అందంగా వేసినందుకు కాదు, భాగాలను కొలిచి ఏరినందుకు. అలా ఏరకపోతే ఆ పెట్టెకు, యంత్రం కట్టిన పెట్టెకు తేడా ఏమీ ఉండదు.

గరగర అసలు ఎలా పుడుతుంది? గిటార్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి మామూలుగా వచ్చేది వోల్టులో పదో వంతు, గట్టిగా మీటితే ఇంకొంచెం ఎక్కువ. దాన్ని 100 రెట్లు చేస్తే 10 వోల్టులు దాటాలి. బ్యాటరీ ఇచ్చేది 9. అందుకని తరంగం నెత్తి తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పైనా కిందా సమానంగా తెగితే 3, 5, 7 లాంటి బేసి గుణిజాల హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి అన్ని రెట్లున్న స్వరాలు) పుడతాయి. ఒకవైపు ఎక్కువ తెగితే సరి గుణిజాలూ వచ్చి చేరతాయి. ఇది ఒక్క స్వరం సంగతి. రెండు స్వరాలు కలిసి వెళ్తే వాటి ఫ్రీక్వెన్సీల కూడికలు, తీసివేతలు కూడా వినపడతాయి. షడ్జమం 110 హెర్ట్జ్, పంచమం సుమారు 165 అనుకుంటే తేడా 55, అంటే కింది స్థాయి షడ్జమమే. కాబట్టి సా-పా జోడీ డిస్టార్షన్‌లో (ఇలా తెగిన శబ్దంలో) ఇంకా బలంగా వినిపిస్తుంది. అదే 138.6 హెర్ట్జ్ దగ్గరుండే అంతర గాంధారాన్ని మధ్యలో పెడితే సాతో తేడా 28.6, పాతో తేడా 26.4. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగక గుడగుడమంటాయి. రాక్ గిటారిస్టులు గాంధారం వదిలేసి, సా-పా మాత్రమే ఉండే పవర్ కార్డ్‌లు పట్టుకున్నది ఈ లెక్క వల్లనే.

మేస్ట్రో పెట్టె మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. గిటార్‌తో ట్రంపెట్, ట్యూబా శబ్దాలు పలికించవచ్చని ప్రచారం చేశారు గానీ ఆ అవసరం ఎవరికీ కనిపించలేదు. 1965లో కీత్ రిచర్డ్స్ కూడా దాన్ని హార్న్‌ల స్థానంలో గుర్తుగా వాయించి పెట్టాడు, తర్వాత తీసేద్దామనే. తీయకుండా విడుదలైన ఆ రోలింగ్ స్టోన్స్ పాటతో ఫజ్ దశ తిరిగింది. అదే ఏడాది లండన్‌లో గ్యారీ హర్స్ట్ టోన్‌బెండర్ తయారుచేశాడు. మేస్ట్రో సర్క్యూట్‌నే ఆధారంగా తీసుకుని, 3 వోల్టులకు బదులు 9 వోల్టులు పెట్టి, స్వరం ఇంకాసేపు నిలిచేలా మార్చాడు. మరుసటి ఏడాది ట్రాన్సిస్టర్లు మూడు నుంచి రెండుకు తగ్గాయి. 1966 చివర్లో ఆర్బిటర్ కంపెనీ దాదాపు అదే రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌ను మైక్ స్టాండ్ అడుగుభాగంలాంటి గుండ్రటి పెట్టెలో పెట్టి ఫజ్‌ఫేస్‌గా అమ్మింది.

ఈ సర్క్యూట్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. చేత్తో పెడల్ కట్టేవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది దీంతోనే, తికమక పడేదీ దీనిదగ్గరే. భాగాలు మొత్తం పదకొండు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (తిప్పి విలువ మార్చే రెసిస్టర్లు). సిగ్నల్ 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది (ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు బేస్, ఎమిటర్, కలెక్టర్). దాని ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కు, కలెక్టర్ 33 కిలోఓమ్‌ల మీదుగా సరఫరాకు. అదే కలెక్టర్, మధ్యలో కెపాసిటర్ ఏదీ లేకుండా, రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కు తగులుతుంది. రెండోదాని కలెక్టర్‌కు 8.2 కిలోఓమ్‌లు, ఆపైన 470 ఓమ్‌లు. ఆ రెంటి నడుమ నుంచి 0.01 మైక్రోఫారడ్ ద్వారా అవుట్‌పుట్ తీసి 500 కిలోఓమ్‌ల వాల్యూమ్ పాట్‌కు ఇస్తారు. రెండోదాని ఎమిటర్ దగ్గర 1 కిలోఓమ్ ఫజ్ పాట్ ఉంటుంది. దాని మధ్య కాలు 20 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో గ్రౌండ్‌కు వెళ్తుంది. చివరిగా ఆ ఎమిటర్ నుంచి మొదటి బేస్‌కు వెనక్కి వచ్చే 100 కిలోఓమ్‌ల రెసిస్టర్. మొదటి ట్రాన్సిస్టర్‌కు బయాస్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ఉండాల్సిన స్థిర వోల్టేజీ) ఇచ్చేది ఈ వెనక్కి వచ్చే దారి ఒక్కటే.

ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి కాబట్టే ఈ సర్క్యూట్ ట్రాన్సిస్టర్ మీద అంతగా ఆధారపడింది. రెండో కలెక్టర్ దగ్గర సరఫరాలో సగం, అంటే 4.5 వోల్టులు ఉంటే తరంగానికి రెండువైపులా చోటు దొరుకుతుంది. జెర్మేనియం వేడెక్కితే మూడు మార్పులు వస్తాయి. లీకేజీ, అంటే బేస్‌కు ఏమీ ఇవ్వకున్నా పారే కరెంటు, పెరుగుతుంది (సుమారు ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు రెట్టింపు), గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) పెరుగుతుంది, బేస్-ఎమిటర్ వోల్టేజీ తగ్గుతుంది. మూడూ ఒకే వైపు లాగుతాయి. 100 కిలోఓమ్‌ల దారిలో కరెంటు తగ్గి, రెండో ఎమిటర్ వోల్టేజీ దిగి, కలెక్టర్ సరఫరా వైపు జారిపోతుంది. అప్పుడు స్వరం పలచబడి, తోక తెగినట్టు హఠాత్తుగా ఆగుతుంది. చల్లటి గదిలో చక్కగా పలికిన పెడల్ వేదిక మీద దీపాల వేడికి వేరేలా పలకడంలో వింతేమీ లేదు.

అందుకే జెర్మేనియంను కొలవకుండా బోర్డు మీద పెట్టకూడదు. మామూలు మల్టీమీటర్‌లోని గెయిన్ సాకెట్ లీకేజీని కూడా గెయిన్‌గానే చూపిస్తుంది. దానికి విరుగుడు చాలా తేలిక, ఒక 9 వోల్టుల బ్యాటరీ, మూడు రెసిస్టర్లు చాలు. పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను బ్యాటరీ ప్లస్‌కు కలపాలి. కలెక్టర్‌ను 2.2 కిలోఓమ్‌లు, 270 ఓమ్‌లు వరుసగా కలిపిన జంట మీదుగా మైనస్‌కు కలపాలి. బేస్‌ను దేనికీ తగిలించకుండా వదిలి ఆ జంట మీద వోల్టేజీ చదవాలి. 0.25 వోల్టులు వచ్చిందనుకుంటే లీకేజీ సుమారు 100 మైక్రోఆంపియర్లు. తర్వాత బేస్‌ను 2.2 మెగాఓమ్‌ల ద్వారా మైనస్‌కు కలపాలి. బేస్‌లోకి పారేది దాదాపు 4 మైక్రోఆంపియర్లు. ఇప్పుడు 1.05 వోల్టులు చూపిస్తే అందులోంచి 0.25 తీసేసి వందతో హెచ్చించాలి. అసలు గెయిన్ 80. తీసివేయకపోతే అదే ట్రాన్సిస్టర్ 105గా కనిపించి మోసం చేసేది. చదివేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకోకూడదు, ఒంటి వేడికే లీకేజీ పైకి ఎగబాకుతుంది. చేత్తో పెట్టాక అంకె నిలకడపడే దాకా ఆగి చదవాలి.

మొదటి స్థానానికి 70–80 గెయిన్, రెండోదానికి 110–130 బాగా కుదురుతాయన్నది కట్టేవాళ్లలో స్థిరపడిన అంచనా. లీకేజీ 200 మైక్రోఆంపియర్ల లోపుంటే నిశ్చింత. 300 దాటినదాన్ని, ముఖ్యంగా మొదటి స్థానానికి, పక్కన పెట్టడమే మంచిది. తొలి ఫజ్‌ఫేస్‌లలో వాడిన ఎన్‌కేటీ275 పేరు చెప్పి ఈ రోజు దొరికేదంతా బాగుంటుందని నమ్మడం దండగ. సరిగ్గా కొలిచిన ఏసీ128 అనే మరో జెర్మేనియం ట్రాన్సిస్టర్ల జత, కొలవని ఎన్‌కేటీ275 జత కంటే ఎప్పుడూ మేలు. పాత ఫజ్‌ఫేస్‌లలో ఒకటి అద్భుతంగా, పక్కది అధ్వానంగా పలకడానికి కారణం కూడా ఇదే. అప్పట్లో చేతికందిన జత బిగించి పంపారు.

1960ల చివరికి సిలికాన్ వచ్చింది. బీసీ183ఎల్, బీసీ108, బీసీ109సీ లాంటివి ఫజ్‌ఫేస్‌లోకి చేరాయి. లీకేజీ బెడద దాదాపు పోయింది, వేడికి బయాస్ అంతగా కదలదు. గెయిన్ మాత్రం కొన్ని వందలకు ఎగబాకింది, దాంతోపాటు బుస్సుమనే హిస్, అప్పుడప్పుడు రేడియో స్టేషన్లు కూడా. బేస్-కలెక్టర్ నడుమ 47 నుంచి 100 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే రేడియో నోరు మూస్తుంది, పైస్వరాలు కాస్త మెత్తబడతాయి.

పోలారిటీ కూడా ఇక్కడే మారింది. పీఎన్‌పీ జెర్మేనియంతో కట్టిన పెడల్‌లో బ్యాటరీ ప్లస్ గ్రౌండ్ అవుతుంది, దానికి ఎదురు రకమైన ఎన్‌పీఎన్ సిలికాన్‌లో మైనస్. ఈ రెండింటినీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో నడిపితే గిటార్ కేబుళ్ల గ్రౌండ్ ద్వారా సరఫరా షార్ట్ అవుతుంది. ప్లస్ గ్రౌండ్ పెడల్‌కు విడి బ్యాటరీ లేదా పూర్తిగా వేరుచేసిన అవుట్‌పుట్ ఇవ్వాల్సిందే.

ఫజ్‌ఫేస్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) చాలా తక్కువ, కొన్ని కిలోఓమ్‌లే. అందువల్ల గిటార్ పికప్ కూడా సర్క్యూట్‌లో భాగమైపోతుంది. గిటార్ వాల్యూమ్‌ను 10 నుంచి 7కు దించితే ఫజ్ దాదాపు శుభ్రమైన స్వరంగా మారేది ఇందుకే. ముందు బఫర్ (గిటార్‌ను తర్వాతి సర్క్యూట్ నుంచి విడదీసే దశ) ఉన్న పెడల్ పెడితే ఆ బంధం తెగి శబ్దం చెవులు కోస్తుంది. అది పెడల్ తప్పు కాదు, వరుస తప్పు. ఫజ్‌ను గిటార్‌కు ఆనుకుని మొదట పెడితే సరి.

ఆ తర్వాతి దశ డయోడ్లది, అంటే కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలది. 1969లో ఎలక్ట్రోహార్మోనిక్స్ తెచ్చిన బిగ్‌మఫ్‌లో నాలుగు సిలికాన్ ట్రాన్సిస్టర్లు. మధ్య రెండు దశల్లో ఎదురెదురుగా డయోడ్ల జంటలు తరంగాన్ని రెండుసార్లు కోస్తాయి. ఆ చివర ఉన్న టోన్ సర్క్యూట్ మధ్యస్వరాలను గుంట చేస్తుంది. ఒంటరిగా వింటే గంభీరంగా ఉండే ఈ పెడల్ బ్యాండ్‌లో కలిసేసరికి కనపడకుండా పోయేది ఆ గుంట వల్లే. క్లిప్పింగ్ బాధ్యత ట్రాన్సిస్టర్ నుంచి డయోడ్‌కు మారడంతో ఏరే అవసరం బాగా తగ్గింది. ఏ 1ఎన్914 సిలికాన్ డయోడ్ అయినా దాదాపు 0.6 వోల్టుల దగ్గరే వాహకం అవుతుంది. జెర్మేనియం డయోడ్ 0.3 దగ్గర, ఎరుపు ఎల్‌ఈడీ 1.7 అటూఇటూ. 1970లలో ఎంఎక్స్‌ఆర్ డిస్టార్షన్ ప్లస్ 741 ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) తర్వాత జెర్మేనియం డయోడ్లను గ్రౌండ్‌కు కట్టింది. 1977లో బాస్ కంపెనీ ఓడీ-1 ఆప్‌యాంప్ ఫీడ్‌బ్యాక్‌లోనే (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు వెనక్కి వచ్చే దారిలోనే) ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి డయోడ్లు పెట్టి వంకర క్లిప్పింగ్ తెచ్చింది. గ్రౌండ్‌కు కట్టినవి నిలువునా కోస్తాయి. ఫీడ్‌బ్యాక్‌లో ఉన్నవి అంచులు గుండ్రంగా వదులుతాయి, పైగా అసలు సిగ్నల్‌ను కొంత కలిపి పంపుతాయి.

సుసుము తమురా రూపొందించిన ఐబనెజ్ ట్యూబ్‌స్క్రీమర్ ఈ రెండో కుటుంబానిదే. ఇందులో డయోడ్ల కంటే ముఖ్యమైనవి 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసలో ఉన్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఆ రెంటి వల్ల 720 హెర్ట్జ్‌కు కిందనున్నదానికి గెయిన్ తగ్గుతూ పోతుంది, బాస్ బురద కాకుండా ఉంటుంది. 51 కిలోఓమ్‌లకు 500 కిలోఓమ్‌ల పాట్ జతచేస్తే గెయిన్ 12 నుంచి సుమారు 118 దాకా. ఇందులోని 4558 ఆప్‌యాంప్ చిప్ ఏ కంపెనీదన్న చర్చకు ఖర్చుపెట్టే ఓపికలో పదో వంతు ఈ కెపాసిటర్ మీద పెడితే ఎక్కువ తేడా వినిపిస్తుంది.

చిప్ నిజంగా లెక్కలోకి వచ్చే చోటు మిషిగన్‌లోని కలమజూలో పుట్టిన ప్రోకో ర్యాట్. 1978లో మొదటి పెట్టెలు చేత్తోనే కట్టారు. అందులో 100 కిలోఓమ్‌ల పాట్ ఎదురుగా 47 ఓమ్‌లు, 560 ఓమ్‌లు ఉండటంతో గెయిన్ 2,300 దాకా పోతుంది. ఎల్‌ఎం308 చిప్ అంత గెయిన్ దగ్గర పైఫ్రీక్వెన్సీలను మోయలేదు. దాని స్లూ రేటు (వోల్టేజీ మారగల వేగం) మైక్రోసెకనుకు 0.3 వోల్టులే. ఆ చేతకానితనమే ర్యాట్‌కు ఆ మందపు శబ్దం ఇచ్చింది. దాని బదులు వేగం ఎక్కువున్న టీఎల్071 పెడితే కాగితం మీద మెరుగు, చెవికి గీరు. ఓపీ07 అదే నెమ్మదితనం కలది కాబట్టి చక్కగా సరిపోతుంది.

1990లలో చేతిపనికి మళ్లీ గిరాకీ వచ్చింది. 1994లో బిల్ ఫినెగన్ క్లాన్ సెంటార్‌ను తీసుకొచ్చి ఒక్కొక్కటిగా కడుతూ సుమారు 8,000 అమ్మాడు. చార్జ్ పంప్‌తో లోపల వోల్టేజీ పెంచి, శుభ్రమైన సిగ్నల్‌ను జెర్మేనియం డయోడ్లు కోసిన సిగ్నల్‌తో కలపడం దాని కిటుకు. గెయిన్ తక్కువ పెట్టినప్పుడు వినేదంతా దాదాపు శుభ్రమైన దారిదే. డయోడ్ల పాత్ర అక్కడ నామమాత్రం. సర్క్యూట్ కనపడకుండా బోర్డు మీద ఎపాక్సీ పోసినా, దాన్ని గీకి భాగాలు బయటపెట్టేశారు. పాత వస్తువుకు పలికే ధరలో సర్క్యూట్ వాటా ఎంతో అప్పుడు తేలిపోయింది, చాలా తక్కువ.

ఇప్పుడు కట్టడం సంగతి. మొదటి పెడల్‌కు సిలికాన్ ఫజ్‌ఫేస్ మంచి ఎంపిక. రెండో కలెక్టర్‌లోని 8.2 కిలోఓమ్‌ల స్థానంలో 10 కిలోఓమ్‌ల ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టాలి. సిలికాన్‌తో 4.5 వోల్టులు రావాలంటే చాలాసార్లు 6 కిలోఓమ్‌ల చుట్టుపక్కల ఆగుతుంది. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 నుంచి 2.2 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఉంటే మీట నొక్కినప్పుడు వచ్చే టప్పుమనే చప్పుడు తగ్గుతుంది. సరఫరాలో 100 ఓమ్‌లు వరుసగా, 100 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కు పెడితే అడాప్టర్ రొద దిగుతుంది. పోలారిటీ తారుమారైతే కాపాడటానికి 1ఎన్5817 డయోడ్ ఒకటి వరుసలో. ఇన్‌పుట్ జాక్ స్టీరియోది వాడి, బ్యాటరీ మైనస్‌ను రింగ్ కాలికి కలిపితే కేబుల్ పీకగానే బ్యాటరీ ఆగుతుంది. ప్లస్ గ్రౌండ్ పెడల్‌లో అదే కాలికి ప్లస్ వెళ్తుంది.

వెరోబోర్డులో (రాగిపట్టీలు, కన్నాలు ఉన్న బోర్డు) కన్నాల దూరం 2.54 మిల్లీమీటర్లు. రాగిపట్టీ తెంచాల్సిన చోట 3 మిల్లీమీటర్ల బిట్‌ను చేత్తో తిప్పితే చాలు. తెగినట్టు కనపడి వెంట్రుకవాసి రాగి మిగిలిపోవడం తరచూ జరుగుతుంది, మీటర్‌తో తేల్చుకోవాలి. టంకం కొన 350 డిగ్రీల దగ్గర ఉంచి ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లు పట్టుకోవాలి. ట్రాన్సిస్టర్లకు సాకెట్ పెట్టడం ఉత్తమం, జెర్మేనియం వేడికి చెడుతుంది, పైగా జతలు మార్చి వినే వీలుంటుంది. పెట్టె 125బి సైజుదైతే (122, 66, 39.5 మిల్లీమీటర్లు) జాక్‌లు, బ్యాటరీ ఇరుక్కోకుండా పడతాయి. ముందు 3 మిల్లీమీటర్ల కన్నం వేసి, తర్వాత మెట్ల బిట్‌తో జాక్‌లకు 9.5–10, ఫుట్‌స్విచ్‌కు 12, పాట్‌లకు 7 మిల్లీమీటర్లకు పెంచాలి.

తప్పుల్లో మొదటి స్థానం కాళ్ల వరుసది. చదును ముఖం మనవైపు ఉంటే బీసీ547లో ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు మరొకటి పెట్టేటప్పుడు తిప్పి పెట్టాలి. లోహపు డబ్బాలోని బీసీ108కు ముక్కులా పొడుచుకొచ్చిన వైపుది ఎమిటర్.

శబ్దం రాకపోతే భాగాలు పీకడానికి ముందు వోల్టేజీలు చదవాలి. సిలికాన్ పెడల్‌లో మొదటి బేస్ సుమారు 0.6, మొదటి కలెక్టర్ 1.2 నుంచి 1.4, రెండో ఎమిటర్ 0.6 నుంచి 0.7, రెండో కలెక్టర్ 4.5 వోల్టులు ఉండాలి. రెండో కలెక్టర్ దగ్గర పూర్తి 9 వోల్టులు కనిపిస్తే అందులో కరెంటు పారడం లేదు. కాళ్లు తారుమారయ్యాయి, లేదా ఫజ్ పాట్ నుంచి గ్రౌండ్‌కు వెళ్లే తీగ ఊడింది. 1 వోల్టు దగ్గర అతుక్కుపోతే మొదటి ట్రాన్సిస్టర్ పనిచేయడం లేదు. 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కు టంకం పట్టకపోవడం అందులో మామూలు కారణం. వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కూడా మూగగా ఉంటే తప్పు స్విచ్, జాక్, వాల్యూమ్ పాట్ వైపు ఉంటుంది.

అప్పుడు ఆడియో ప్రోబ్ కావాలి. యాంప్‌కు వెళ్లే కేబుల్ మొనకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపి, కేబుల్ గ్రౌండ్‌ను పెడల్ గ్రౌండ్‌కు తగిలించాలి. యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, గిటార్ మీటుతూ ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటు తాకుతూ వెళ్లాలి. శబ్దం ఎక్కడ ఆగితే తప్పు దానికి వెనువెంటనే ముందుంది. మొదటి బేస్ దగ్గర మాత్రం సిగ్నల్ సన్నగా వినిపిస్తుంది. ఇన్‌పుట్ ఇంపిడెన్స్ తక్కువ కావడం వల్ల అది సహజం, అక్కడ కెపాసిటర్ మార్చడం వృథా. ఫజ్ పాట్ తిప్పితే కొంచెం గీరుమనడమూ ఈ సర్క్యూట్‌లో సహజమే, దాని గుండా డీసీ పారుతుంది కాబట్టి. మూత తెరిచి ఉంటే పలికి, బిగించగానే మూగబోతే బోర్డు అడుగుభాగం పాట్ల వీపుకో మూతకో తగులుతోందని అర్థం. మందపాటి అట్ట ముక్క అడ్డం పెట్టి మళ్లీ బిగించాలి.